తగ్గింపు ధర, తగ్గని ఖర్చు

హైదరాబాద్ ఉత్తర శివార్లలో, నాగపూర్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద కొంపల్లి దాటి మేడ్చల్ దాకా, కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి మీద తూంకుంట దాటి శామీర్‌పేట దాకా విస్తరించిన కొత్త కాలనీలలో, నెల సరుకుల గురించి ఒక అభిప్రాయం దాదాపు సిద్ధాంతం స్థాయికి చేరింది. తగ్గింపు ధరల దుకాణానికి ఒక్కసారి వెళ్లివస్తే చాలునని, వీధి కిరాణా దుకాణదారు అంతవరకూ ఎంత దోచుకున్నాడో ఆ ఒక్క బిల్లుతోనే బయటపడుతుందని, పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాలకు ధరల బాధ నుంచి అంతకు మించిన ఊరట లేదని, ఇంకా వీధి చివరి దుకాణంలోనే కొంటున్నవారు లెక్క తెలియనివారో మొహమాటస్థులో అయి ఉండాలని ఆ అభిప్రాయ సారాంశం. ఇక్కడ తగ్గింపు ధరల దుకాణం అంటే పండుగ రోజుల్లో మాత్రమే రాయితీ ప్రకటించే దుకాణం కాదు. కంపెనీ సరుకులను పొట్లం మీద అచ్చువేసిన ధర కంటే ఏడాది పొడవునా తక్కువకు అమ్ముతూ, కొనేవారే అరల మధ్య తిరిగి బండిలో వేసుకుని కౌంటర్ దగ్గర ఒకేసారి డబ్బు చెల్లించే పద్ధతి మీద నడిచే పెద్ద దుకాణం. ఈ నమూనాకు డీమార్ట్ పేరే పర్యాయపదమైపోయినా, పరిశీలించవలసింది ఒక సంస్థ మంచిచెడ్డలను కాదు, ఆ నమూనా చుట్టూ అల్లుకున్న వాదాన్ని.

ఆ వాదాన్ని దాని బలహీనమైన రూపంలో పట్టుకుని కొట్టడం సులువే గాని న్యాయం కాదు. రాధాకిషన్ దమానీ 2002లో ముంబైలోని పొవాయిలో మొదటి దుకాణం తెరిచిన నాటి నుంచి డీమార్ట్ అనుసరించిన పద్ధతిలో నిజమైన పొదుపు ఉంది. చాలావరకు సొంత భవనాల్లోనే నడపడం వల్ల అద్దె భారం తగ్గింది. సరఫరాదారులకు ఇతర వర్తకుల కంటే త్వరగా డబ్బు చెల్లించడం వల్ల వారి దగ్గర తక్కువ ధర రాబట్టుకునే వీలు కలిగింది. హంగులు లేకుండా, లెక్కకు మించిన రకాలు పెట్టకుండా, త్వరగా అమ్ముడుపోయే సరుకులకే అరలు కేటాయించడం వల్ల పెట్టుబడి నిలవ ఉండకుండా తిరిగింది. ఇలా మిగిలిన దానిలో కొంత భాగం కొనేవారికి ధర తగ్గింపుగా అందుతున్న మాట కాదనలేనిది. ఢిల్లీలోని ఆర్థిక పరిశోధనా సంస్థ ఇక్రియర్ 2008లో వెలువరించిన అధ్యయనం కూడా, వ్యవస్థీకృత చిల్లర దుకాణాల్లో, అంటే కంపెనీలు గొలుసుకట్టుగా నడిపే దుకాణాల్లో కొనడం వల్ల అన్ని ఆదాయ వర్గాలవారికీ ఆదా కలిగిందని, తక్కువ ఆదాయం గలవారికి మరింత కలిగిందని తేల్చింది. ప్రత్యర్థి పక్షానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

ఇదంతా ఒప్పుకున్న తర్వాత కూడా, ఒక్కొక్క సరుకు ధర తక్కువ అన్న వాస్తవం నుంచి కుటుంబం ఖర్చు తగ్గుతుందన్న నిర్ణయానికి, అక్కడి నుంచి పేదలకే ఎక్కువ మేలన్న నిర్ణయానికి, అక్కడి నుంచి కిరాణా దుకాణదారు దోపిడీదారన్న తీర్పుకు ఆ వాదం వేసే అంగలలో ఏ ఒక్కదానికీ కింద నేల లేదు.

ఒకటి: ఆదాను ఎక్కడి నుంచి కొలుస్తున్నారు?

మొదటిసారి వెళ్లివచ్చినవారు సాధారణంగా చూపేది బిల్లు అడుగున అచ్చయిన ఆదా మొత్తాన్ని. ఆ అంకె గరిష్ఠ చిల్లర ధరకూ, అంటే వాడుకలో ఎం.ఆర్.పి. అని పిలిచే ముద్రిత ధరకూ, దుకాణం వసూలు చేసిన ధరకూ మధ్య తేడా. పొట్లాల్లో అమ్మే సరుకుల మీద అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధరను ముద్రించాలన్న నియమం 1990లో వచ్చింది. ఇప్పుడు అది 2009 నాటి తూనికలు కొలతల చట్టం కింద, 2011 నాటి పొట్లాల సరుకుల నియమాల ద్వారా అమలవుతోంది. ఆ నియమం ఉద్దేశం, ఇంతకు మించి వసూలు చేయరాదని ఒక హద్దు గీయడమే. హద్దు ఎక్కడ ఉండాలో చట్టం చెప్పదు. తయారీదారు లేదా పొట్లం కట్టినవారు తమకు తోచిన అంకె వేసుకోవచ్చు. అందువల్ల ముద్రిత ధర అనేది బజారులో నడుస్తున్న ధరకు కొలమానం కాదు. వీధి దుకాణంలో కందిపప్పు ఏ ధరకు దొరుకుతున్నదో దానితో పోల్చినప్పుడే ఆదా ఎంతో తెలుస్తుంది గాని, ఎవరూ చెల్లించని ధరతో పోల్చినప్పుడు తెలియదు.

పప్పులు, పిండి, సుగంధ ద్రవ్యాల విషయంలో ఈ లోపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద గొలుసు దుకాణాలు వీటిని చాలావరకు తమ సొంత ముద్రతో, అంటే తామే లేదా తమ అనుబంధ సంస్థే పొట్లం కట్టి తమ పేరు వేసుకుని అమ్ముతాయి. అటువంటి పొట్లం మీద గరిష్ఠ ధర వేసేదీ, దాని కంటే తక్కువకు అమ్మేదీ ఒకే పక్షం అయినప్పుడు, ఆ రెంటి మధ్య తేడాను ఆదాగా లెక్కించడంలో ఏ మోసమూ లేకపోవచ్చు గాని ఏ సమాచారమూ ఉండదు. కిరాణా దుకాణదారు గోనెసంచిలోంచి తూచి ఇచ్చే పప్పుకు ముద్రిత ధరే లేదు గనుక, అతడు ఎంత తక్కువకు అమ్మినా అతని చీటీ అడుగున ఆదా అనే వరుస ఎప్పటికీ రాదు. పైగా 2022 జూలై 18 నుంచి, ముందుగా పొట్లం కట్టి పేరు వేసి అమ్మే 25 కిలోల లోపు బియ్యం, పప్పు, పిండి వంటి వాటి మీద 5 శాతం జీఎస్‌టీ పడింది. విడిగా తూచి అమ్మే వాటి మీద పడలేదు. తెలంగాణ బియ్యం దుకాణాల్లో 26 కిలోల బస్తాలు ఉన్నట్టుండి ఎందుకు ప్రత్యక్షమయ్యాయో దీన్నిబట్టే గ్రహించవచ్చు. పన్ను పడిన పొట్లంలోని రాయితీని, పన్ను లేని తూకం సరుకు ధరతో పక్కపక్కన పెట్టి చూసే శ్రమ ఈ వాదం చేసేవారిలో కనబడదు.

రెండు: ధర తగ్గితే ఖర్చు తగ్గుతుందా?

వాదం మొత్తం ఆధారపడి ఉన్నది ఈ ఒక్క అంగ మీదే గనుక దీన్ని నింపాదిగా చూడాలి. ఖర్చు అంటే ధరను పరిమాణంతో హెచ్చించగా వచ్చేది. తగ్గింపు ధరల దుకాణం ధరను తగ్గించడంలో ఎంత నేర్పు చూపుతుందో, పరిమాణాన్ని, రకాలను పెంచడంలో అంత నేర్పూ చూపుతుంది. అది దాని దురుద్దేశం కాదు, దాని వ్యాపార నిర్మాణమే అంత. డీమార్ట్ మాతృసంస్థ అవెన్యూ సూపర్‌మార్ట్స్ తన అమ్మకాలను ఆహార సరుకులు, సబ్బులు మొదలైన ఆహారేతర నిత్యావసరాలు, దుస్తులూ గృహోపకరణాల వంటి సాధారణ సరుకులు అని మూడు తరగతులుగా చూపుతుంది. ఈ మూడో తరగతి వాటా మొత్తం అమ్మకాల్లో ఐదో వంతుకు పైగా ఉంటూ వస్తున్నది. లాభం శాతం ఎక్కువగా ఉండేదీ ఈ తరగతిలోనే. అంటే పప్పు, నూనెల మీద తక్కువ లాభంతో రప్పించుకున్నవారికి ప్లాస్టిక్ డబ్బాలు, పక్కదుప్పట్లు, పిల్లల బనియన్లు అమ్మినప్పుడే ఆ లెక్క పూర్తిగా కుదురుతుంది. పప్పు కోసం వచ్చినవారు పప్పుతోనే తిరిగిపోతే ఆ ధరలు నిలిచేవి కావు. మొదటిసారి వెళ్లిన కుటుంబం చీటీలో లేని సరుకులు తెచ్చుకుంటే దాన్ని ఆ కుటుంబం మనోబలం లోపంగా చూడనక్కరలేదు. దుకాణం తన పని తాను సరిగ్గా చేసినట్టు లెక్క.

ఒక ఊహాత్మకమైన లెక్క ఈ విషయాన్ని తేటతెల్లం చేస్తుంది. ఒక కుటుంబం వీధి దుకాణంలో ముద్రిత ధరకే 2,400 రూపాయలు పెట్టి కొనే కంపెనీ సరుకులు తగ్గింపు ధరల దుకాణంలో 10 శాతం తక్కువకు, అంటే 2,160 రూపాయలకు దొరికాయనుకుందాం. వాటితో పాటు, 600 రూపాయల ముద్రిత ధర గల డబ్బాలు, బిస్కెట్ల పెద్ద పొట్లం, రెండు టీషర్టులు 480 రూపాయలకు వస్తున్నాయని బండిలో పడ్డాయనుకుందాం. బిల్లు 2,640 రూపాయలు అవుతుంది. అడుగున ఆదా 360 రూపాయలు అని అచ్చవుతుంది. వీధి దుకాణంలో కొన్న నెల కంటే 240 రూపాయలు ఎక్కువ ఖర్చయింది, చేతికి వచ్చిన కాగితం మాత్రం 360 మిగిలిందంటోంది. అదనపు కొనుగోళ్లు లేకపోతే అచ్చయ్యే ఆదా 240 మాత్రమే అయ్యేది. ఖర్చు పెరిగిన కొద్దీ పెరిగే అంకెను ఆదా అని పిలవడం కన్నా పెద్ద తర్కదోషం గృహ ఆర్థికంలో మరొకటి దొరకదు. ఆ డబ్బాలు, టీషర్టులు కూడా వస్తువులే గదా, వృథా కాదు గదా అని ప్రశ్నించవచ్చు. నిజమే, అయితే అప్పుడు చెప్పవలసింది ఎక్కువ వస్తువులు కొనగలిగామని గాని, డబ్బు మిగిలిందని కాదు. ఈ రెండూ వేర్వేరు వాదాలు, ఒకదాని సాక్ష్యంతో రెండోది గెలవదు.

దేశంలో కుటుంబాల ఖర్చు ఎక్కడికి పోతున్నదో చూస్తే ఈ తేడా ఇంకా బలపడుతుంది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణ కుటుంబాల ఖర్చులో తృణధాన్యాల వాటా 3.64 శాతం మాత్రమే కాగా, పానీయాలు, వండి శుద్ధి చేసి పొట్లాల్లో అమ్మే తినుబండారాల వాటా 10.64 శాతం. తగ్గింపు గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఉదహరించేది పప్పుబియ్యాలను. ఖర్చు పెరుగుతున్నది మాత్రం నూడుల్స్, చిప్స్, తీపి పానీయాల వరుసలో. పది రూపాయల పొట్లం ఒకటి కొనే ఇంట్లోకి పన్నెండు పొట్లాల కట్ట చవకగా వచ్చినప్పుడు, పన్నెండు రోజులు రోజుకొకటి చొప్పున తినే సంయమనం పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఉంటుందని నమ్మడానికి చాలా అమాయకత్వం కావాలి.

బియ్యం సంగతి వేరే చెప్పాలి. ఉత్తర శివార్లలో చాలా కుటుంబాలు బియ్యాన్ని ఈ దుకాణాల్లో కొననే కొనవు. బియ్యం దుకాణంలోనో మిల్లులోనో బస్తాగా తెచ్చుకుంటాయి, లేదా రేషన్ దుకాణం నుంచి తెచ్చుకుంటాయి. 2025 మార్చి 30న, ఉగాది నాడు, హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన సన్నబియ్యం పథకం కింద ఆహార భద్రతా కార్డులోని ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా అందుతోంది. నలుగురున్న ఇంటికి అది 24 కిలోలు. కిలో 50 రూపాయలని తక్కువలో తక్కువగా కట్టినా 1,200 రూపాయలు. పైన ఊహించిన 240 రూపాయల ఆదాకు ఇది ఐదు రెట్లు. ఇరుగుపొరుగు సంభాషణల్లో మాత్రం ఆ 240కి ఉన్న ప్రతిష్ఠ ఈ 1,200కు లేదు, బహుశా రేషన్ వరుసలో నిలబడటానికీ ట్రాలీ తోసుకుంటూ నిలబడటానికీ మధ్య ఉన్న హోదా తేడా వల్ల.

మూడు: పేదలకే ఎక్కువ మేలా?

తగ్గింపు అందుకోవడానికి నాలుగు అర్హతలు కావాలి. ఒకటి, నెలకు సరిపడా సరుకులకు ఒకేసారి పెట్టగల నగదు. రెండు, వాటిని మోసుకొచ్చే వాహనం. మూడు, నిలవ చేసుకునే చోటు. నాలుగు, ఆదివారం పూట రెండు మూడు గంటల తీరిక. ఈ నాలుగూ ఉన్న కుటుంబాన్ని పేద కుటుంబమని పిలవడం కష్టం. మేడ్చల్ చుట్టుపక్కల పారిశ్రామిక షెడ్లలో, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ పరిసరాల్లోని నిర్మాణ పనుల్లో, బాహ్య వలయ రహదారి పొడవునా లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర పనిచేసే కూలీలకు, వారిలో ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చినవారికి కూడా, కూలి వారానికో రోజుకో చేతికందుతుంది. గది ఒక్కటే ఉంటుంది, అందులో నలుగురైదుగురు ఉంటారు. వారు పావు కిలో పప్పు, ఇరవై రూపాయల నూనె, రెండు ఉల్లిగడ్డలు కొంటారు. తగ్గింపు ధరల దుకాణంలో ఇరవై రూపాయల నూనె అనే సరుకే లేదు.

మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవారికి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది గనుక దూరం సమస్య తీరిపోయిందనే జవాబు ఒకటి వినవస్తోంది. అలియాబాద్ నుంచో లాల్‌గడి మలక్‌పేట నుంచో బస్సెక్కి వెళ్లిన స్త్రీకి పోయేటప్పుడు ఆ జవాబు సరిపోతుంది. తిరిగివచ్చేటప్పుడు ఐదు లీటర్ల నూనె డబ్బా, పది కిలోల పిండి, మిగిలిన సంచులు పట్టుకుని కిక్కిరిసిన బస్సు ఎక్కవలసి వచ్చినప్పుడు సరిపోదు. ఆటో కట్టించుకుంటే ఆదాలో సగం ఆటోకే పోతుంది.

పేదవారు ఒకే వస్తువుకు ఎక్కువ చెల్లిస్తారన్న సంగతిని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ కాప్లోవిట్జ్ 1963లోనే ఒక గ్రంథంలో నిరూపించాడు. కొద్దికొద్దిగా, అప్పు మీద, దగ్గరి దుకాణంలో కొనవలసి రావడం వల్ల పడే ఈ అదనపు భారాన్ని ఆర్థికవేత్తలు పేదరికపు సుంకం అనదగిన పదంతో వ్యవహరిస్తారు. ఆ భారం ఇక్కడా ఉన్నదనడంలో సందేహం లేదు. అయితే దానికి మూలం చేతిలో నగదు లేకపోవడం. దుకాణం మార్చినంత మాత్రాన ఆ మూలం మారదు. ఇక్రియర్ అధ్యయనం తేల్చినదానికి పరిమితి కూడా ఇక్కడే ఉంది. కొనుగోలుదారులను అడిగినప్పుడు, గొలుసు దుకాణంలో కొనగల స్థితికి చేరిన తక్కువ ఆదాయంవారు ఎంత మిగుల్చుకున్నారో తెలుస్తుంది. అక్కడికి చేరలేనివారికి ఏం జరిగిందో ఆ ప్రశ్నకు లోబడదు. కొందరికి మేలు జరిగిందన్న నిర్ణయాన్ని ఆ వర్గమంతటికీ మేలన్న నిర్ణయంగా చదువుకోవడం అధ్యయనం చేసినవారి తప్పు కాదు, దాన్ని వాడుకుంటున్నవారి తప్పు.

పెద్ద పొట్లమే చవక అన్న నమ్మకం కూడా అన్నివేళలా నిలబడదు. షాంపూ విషయంలో చిన్న పొట్లమే సీసా కంటే మిల్లీలీటరు లెక్కన చవకగా పడే సందర్భాలు మన దేశంలో అందరికీ తెలిసినవే. పొట్లాల మీద ప్రమాణ ధర, అంటే గ్రాముకో కిలోకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ముద్రించాలన్న నియమం అమలులోకి వచ్చింది. చిన్న అక్షరాలలో ఉండే ఆ అంకెను చదివేవారికి తగ్గింపు బోర్డుల అవసరం చాలావరకు తీరిపోతుంది.

నాలుగు: కిరాణా దుకాణదారు దోచుకుంటున్నాడా?

ఈ అభియోగం చాలా తేలికగా నోటికి వస్తుంది గనుక దీన్ని అంకెలతో పరీక్షించాలి. కంపెనీ సబ్బులు, పేస్టులు, బిస్కెట్ల వంటి వాటిని ముద్రిత ధరకే అమ్మినా కిరాణా దుకాణదారుకు మిగిలేది సాధారణంగా వందకు పది రూపాయలకు అటూ ఇటూ. అందులోంచే దుకాణం అద్దె, కరెంటు బిల్లు, ఎలుకలు కొట్టేసిన సరుకు, వసూలు కాని బాకీ తీరాలి. అవెన్యూ సూపర్‌మార్ట్స్ స్థూల లాభం, అంటే సరుకు కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా, ఇటీవలి సంవత్సరాల్లో అమ్మకాల్లో 15 శాతం దరిదాపుల్లో ఉంటూ వచ్చింది. ముద్రిత ధరకు అమ్మి పది మిగుల్చుకునేవాడు దోపిడీదారు, తగ్గించి అమ్మి పదిహేను మిగుల్చుకునే సంస్థ ఉపకారి అనే తీర్పులో ఎక్కడో ఒక చోట లెక్క తప్పి ఉండాలి.

తప్పిన చోటు ఇదే: ఇద్దరూ ఒకే ధరకు కొంటున్నారని ఈ వాదం అనుకుంటుంది. వాస్తవంలో తయారీ కంపెనీలు పెద్ద గొలుసులకూ టోకు వేదికలకూ ఒక ధర, పంపిణీదారుల ద్వారా వీధి దుకాణాలకు మరొక ధర పెడతాయి. ఈ తేడా మీదే 2021 డిసెంబర్‌లో అఖిల భారత వినియోగ వస్తువుల పంపిణీదారుల సమాఖ్య కంపెనీలకు హెచ్చరిక చేసి, 2022 జనవరి 1 నుంచి సహాయ నిరాకరణకు పిలుపునిచ్చింది. మహారాష్ట్రలో హిందుస్థాన్ యూనిలీవర్, కోల్గేట్ సరుకుల పంపిణీ విషయంలో అది కార్యరూపం దాల్చింది. వీధి దుకాణదార్లే తగ్గింపు ధరల దుకాణాలకు వెళ్లి, పంపిణీదారు ఇచ్చే ధర కంటే అక్కడి చిల్లర ధర తక్కువగా ఉందని సరుకు తెచ్చుకోవడం ఇప్పుడు వింత కాదు. తాను కొనే ధరే మరొకరు అమ్మే ధర కంటే ఎక్కువైనప్పుడు, అతడు ఆ ధరకు అమ్మలేకపోవడానికి కారణం అతని దురాశలో వెతకడం అన్యాయం. ధరను నిర్ణయించేది కంపెనీ. నింద మోసేది కిరాణా దుకాణదారు.

ఇక ఉద్దెర సంగతి. నెల మధ్యలో డబ్బు అయిపోయిన ఇంటికి సరుకు ఇచ్చి, జీతం పడ్డాక తీసుకునే ఈ ఖాతా పద్ధతికి ధర కట్టకుండా రెండు దుకాణాలను పోల్చడం కుదరదు. 3,000 రూపాయల బాకీ 20 రోజులు నిలిస్తే, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ లెక్కన అది 60 రూపాయలు. చిన్న మొత్తమే, తగ్గింపు ఆదాను పూర్తిగా రద్దు చేసేంతది కాదు. ఈ లెక్కను అంతకు మించి సాగదీయడం నిజాయితీ అనిపించుకోదు. అయితే హామీ పత్రం లేకుండా, ఇంటి ముందు వసూలు గుంపు కూర్చోకుండా అంత చిన్న అప్పు ఇచ్చే సంస్థ మరొకటి ఈ ప్రాంతంలో లేదు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల తీరు మీద 2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అత్యవసర శాసనం తేవలసి వచ్చిన అనుభవం ఈ నేలదే.

కిరాణా దుకాణదారు తప్పులు లేనివాడని దీని అర్థం కాదు. తూకంలో తేడా చేసేవారున్నారు. ధరల పట్టిక పెట్టనివారే ఎక్కువ. చల్లబరిచినందుకని శీతల పానీయం మీద ముద్రిత ధర కంటే ఒకటి రెండు రూపాయలు అదనంగా గుంజడం చట్టవిరుద్ధమని తెలిసీ గుంజేవారున్నారు. గడువు తీరిన పొట్లాలు వెనక అరలో దొరికే దుకాణాలూ ఉన్నాయి. ఖాతా పుస్తకంలో ఏం రాశాడో చదివి చూసుకోలేని ఇంటికి ఉద్దెరే ఉచ్చుగా మారే ప్రమాదం కూడా ఉంది. వీటిని పట్టించుకోవలసింది తూనికలు కొలతల శాఖ. వాటిని చూపి వర్తకుల జాతి మొత్తాన్ని దోపిడీదార్లనడం మాత్రం విమర్శ కాదు, విసుగు.

ఐదు: ఎదుటి అతిశయోక్తి

ఈ ఖండనను చూసి కిరాణా దుకాణాలను పవిత్రం చేసే పక్షం సంతోషించనక్కరలేదు. 2006 నవంబర్‌లో రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాలను హైదరాబాద్‌లోనే తెరిచినప్పుడు, 2007లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆ దుకాణాలను మూయించినప్పుడు, వీధి దుకాణాలు కొద్ది ఏళ్లలో తుడిచిపెట్టుకుపోతాయన్న జోస్యాలు వెల్లువెత్తాయి. మేడ్చల్ పాత బజారులో, శామీర్‌పేట కూడలిలో, కొత్తగా వెలసిన ప్రతి కాలనీ మొదటి మలుపులో కిరాణా దుకాణాలు ఇవాళ్టికీ ఉన్నాయి.

ఆరు: లెక్క తెలియనివారు ఎవరు?

రోజుకు అరవై రూపాయల సరుకు కొనే కూలి కుటుంబం దగ్గర సరిగ్గా ఆ రోజుకు కావలసినదే ఉంటుంది. పురుగు పట్టిన పప్పు, గడువు తీరిన సాస్ సీసా, రాయితీ ఉందని కొని వాడని ఫినాయిల్ డబ్బా ఉండవు. ఆ కుటుంబం కిలో లెక్కన ఎక్కువ చెల్లిస్తుంది, వృథా లెక్కన దాదాపు ఏమీ చెల్లించదు. వారపు అంగడిలో కూరగాయలు, రేషన్‌లో బియ్యం, వీధి దుకాణంలో నూనె ఉప్పు, పండుగకు ముందు నలుగురు కలిసి ఆటోలో తగ్గింపు దుకాణానికి అన్నట్టుగా నాలుగు చోట్ల నాలుగు ధరలు చూసి కొనే గృహిణులు ఈ ప్రాంతంలో కావలసినంతమంది ఉన్నారు. అన్నీ ఒక్కచోటే కొని, ముద్రిత ధరతో పోల్చుకుని, బిల్లు అడుగున అంకె చూసి తృప్తిపడే కుటుంబంతో పోలిస్తే వారి లెక్క చాలా సూక్ష్మమైనది. వాదం తలకిందులుగా నిలబడి ఉన్నదిక్కడ.

ఏడు: ఈ వాదం ఎవరిని తప్పిస్తున్నది?

ధరల బాధకు మందు దుకాణం మార్చుకోవడమే అని నమ్మినప్పుడు, ఆ బాధకు జవాబు చెప్పవలసినవారు ఇద్దరు తప్పించుకుపోతారు. ఒకరు, ఒకే సబ్బుకు రెండు టోకు ధరలు పెట్టే కంపెనీలు. రెండోవారు, ప్రభుత్వం. ఈ రాష్ట్రంలో పేదలకు అందరికంటే దగ్గరగా ఉన్న చవక దుకాణం రహదారి పక్కన వాహనాలు నిలిపే స్థలంతో వచ్చినది కాదు. ప్రతి ఊరిలో ఉన్న రేషన్ దుకాణం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యంతో ఆ దుకాణం రాజకీయాల కేంద్రంలోకి వచ్చింది. 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన అమ్మహస్తం పథకం కందిపప్పు, పామాయిల్, గోధుమపిండి, గోధుమలు, చక్కెర, ఉప్పు, కారం, చింతపండు, పసుపు అనే తొమ్మిది సరుకులను 185 రూపాయలకు ఇవ్వాలని తలపెట్టింది. నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి, తర్వాత పథకమే కనుమరుగైంది. నాణ్యత సరిచేయమని అడగవలసిన చోట పథకం పోయినా అడిగేవారు లేకపోవడానికి, అప్పటికే మధ్యతరగతి తన నెల సరుకులకు వేరే దారి వెతుక్కోవడం ఒక కారణం అయి ఉండవచ్చు.

పప్పు, నూనెల ధర పేద ఇంటికి నిజంగా భారమైతే, దాన్ని తగ్గించే పని మేడ్చల్, శామీర్‌పేటలలో ఇప్పటికే తూకం యంత్రంతో, కార్డుల జాబితాతో, డీలరుతో సహా ఉన్న రేషన్ దుకాణంలో మొదలు కావాలి. సన్నబియ్యం పక్కన అదే కార్డు మీద కందిపప్పు, నూనె కూడా నాణ్యంగా, నెలనెలా, పావు కిలో చొప్పునైనా విడతలుగా తీసుకునే వీలుతో ఇవ్వడానికి కావలసిన ఏర్పాటు అంతా అక్కడ ఉంది. అంతాయిపల్లిలోని జిల్లా కలెక్టరేట్ ముందు పెట్టవలసిన కోరిక అది. నగదు లేని ఇంటిని, వాహనం లేని ఇంటిని తగ్గింపు ధరల దుకాణానికి వెళ్లిరమ్మని సలహా ఇచ్చేవారు ఆ కోరిక పెట్టే బాధ్యత నుంచి తమను తాము విడుదల చేసుకుంటున్నారు.